నూట ముప్పై ఏడో వరస

హోబర్ట్‌లో జులై. కొండ నెత్తిన మంచు.
రేవు గాలికి బ్యాడ్జి గుండెకేసి కొట్టుకుంటోంది.
ఇంకో మూడు రోజులు తలుపులు తెరుస్తుందిది,
ఆ తర్వాత ఉత్త ప్లాస్టిక్కు.

ఇరవై తొమ్మిదేళ్ల కిందట
ఈ సముద్ర పరిశోధన సంస్థలో నా పని టేపులు మోయడం,
నేలమాళిగలోంచి మూడో అంతస్తుకి,
పచ్చిబాలింత బిడ్డనెత్తుకున్నట్టు, రెండు చేతులా.
తిమింగలాల మూలుగట, ఆటుపోట్ల లెక్కలట.
లేబుళ్లు మాత్రం చదివేదాన్ని.

తర్వాత మేనేజరు, డైరెక్టరు, చీఫ్.
కుర్చీ మారినప్పుడల్లా
సముద్రం ఒక్కో అంతస్తు కిందికి దిగిపోయింది.

ఆ ఏడు బడ్జెట్టు కోసేశారు.
టేపులు చదివే యంత్రం ఒక్కటే మిగిలింది, దానికీ దగ్గు.
షీటులో నాలుగువందల పన్నెండు వరసలు,
చివరి గడిలో "ఉంచాలా?"
నూట ముప్పై ఏడు:
ఇయన్ మక్లీష్, కెల్ప్ అడవుల కొలతలు, పదకొండేళ్లు.
ఎవరూ అడిగింది లేదు. అడగాల్సిన మనిషి పోయి నాలుగేళ్లు.
వద్దని కొట్టాను.
రెండే అక్షరాలు, ఏ భాషలో కొట్టినా.
తిలోదకాలకి నువ్వులూ అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు.
ఖర్చు తగ్గించానని గాజుపలక ఇచ్చారు.
అందులో నా పేరు తప్పు.

నిన్న టామ్సిన్ వచ్చింది,
కొత్తగా చేరిన పిల్ల, జుట్టింకా తడి, మెడ మీద ఉప్పు.
"బ్రూనీ దీవి పక్కన దిగి చూశాను, రాళ్లూ ఇసకా అంతే.
అక్కడ అడవి ఎంత ఎత్తుండేదో
మక్లీష్ కొలిచాడట. ఎక్కడ పెట్టారు?"

జవాబులు నా దగ్గర కొదవా?
వెండరు తప్పు, పాత ఫార్మాటు, తరలింపులో పోయింది.
ఒక్కటీ నోటికి రాలేదు.
"నేనే చెరిపించాను."
తిట్టలేదు. తేదీ అడిగి నోటుబుక్కులో రాసుకుంది.
తడి పాదాల గుర్తులు లిఫ్టు దాకా.

ఇప్పుడు అప్పగింతల కాగితం రాస్తున్నాను.
మా వైపు అప్పగింతలంటే ఏడవాలి.
ఇక్కడ పాస్‌వర్డులు, ఒప్పందాలు, జనరేటరు డీజిల్ తేదీలు,
ఏ వేళప్పుడు ఎవరు ఫోన్ ఎత్తుతారో.
అన్నీ అయ్యాక ఒక వరస కలిపాను:
మనిషి పేరు, అడవి పేరు, పదకొండేళ్లు.
"ఎక్కడుంది?" అనే గడి ఖాళీ.

కొత్తాయన శుభ్రమైన మనిషి, తీసేస్తాడేమో.
తీసేసే ముందు
ఇదేమిటని పక్కవాళ్లనైనా అడుగుతాడు కదా.