మూతల దండ

చండూరు అవతల, ఎర్రచెల్కల
ఈదమ్మ పత్తిచేను.
ఏడు గంటల బస్సు దిగిన,
భుజాన ఖాళీ సంచి, చెవిమీద పెన్సిలు.
మూల మూలకు తిరిగి
పచ్చికాయలు నూరు తెంపుకపోవాలె.

"గింజలోనే మందుందన్నరు గద బిడ్డా,
మరి ఈ గుడ్డిపూలు ఏంది?"
విచ్చుకోవు, రాలవు,
నిద్ర నటించే పిల్లల లెక్క కండ్లు మూసుకుంటయి.
ఒకటి చీరి చూసిన.
చంటిదాని అరచేతి రంగు పురుగు.
ఒక్క నిమిషం ముద్దొచ్చింది.
ఈ మాట రిపోర్టుల రాయ.

నల్లగొండల మా ల్యాబు అంటే
పానగల్లు రోడ్డు మీద ఒకప్పటి బియ్యం గోదాము.
గాజుసీసాలు. ఐదు మోతాదులు.
ఏ మందూ తాకని ఒక వరుస,
అది లేకుంటే దేనితోని పోల్చాలె?
రెండు రాత్రులైనంక
సన్న కుంచెతోని ఒక్కొక్కదాన్ని తాకుత.
కదిలితే బతికినట్టు.
కదలాలనుకొని ఆగిపోయినదాన్ని
ఏ గడిల రాయాలె?
నియమం ఉన్నది:
తన ఒంటిపొడుగంత దూరం పాకలేనిది చచ్చిన లెక్కనే.
అది చదివినప్పుడల్లా
పక్షవాతం వచ్చిన మా మేనమామ మంచం యాదికొస్తది.

నిరుడు పదింట్ల ఎనిమిది పోయినయి.
ఈసారి నాలుగు.
కుంచె తాకంగనే మిగిలినయి
దుప్పటి గుంజితే తిట్టుకుంట లేచినట్టు
తలలెత్తినయి.

ఫలితం చెప్పనీకి మళ్ల పోయిన.
కాయితం మీద గీత చూపిచ్చిన,
ఏడాదికేడాది ఎట్ల ఒరుగుతున్నదో.
ఈదమ్మ నిమ్మళంగ విన్నది.
బోరుమోటరు డబ్బా తలుపు తీసింది.
లోపల కట్టుతీగకు గుచ్చిన మందుసీసాల మూతలు,
ఎర్రవి, నీలివి, ఎండకు తెల్లబడ్డవి.
నడుమ నడుమ గుడ్డపేలికల ముడి.

"ఇగో, మా ఆయన ఉన్న ఏడు రెండు.
బోరు ఎండిన ఏడు ఐదు.
మా చిన్నది పదోతరగతి తప్పిన ఏడు తొమ్మిది.
ఇది మొన్నటిది. దుకాణమాయన
రెండు కలిపి కొట్టుమన్నడు.
ముడి ఇంకా ఎయ్యలే."

చేతికిచ్చింది. బరువుగున్నది.
నా గీతను మడిచి జేబుల పెట్టుకున్న.

"అయితే బిడ్డా, మీ తాన బతికినయాటిని ఏం జేస్తరు?"

కాయల కోసం వంగినట్టు వంగిన.
శనగపిండి ఉడకేసి పెడతమని,
ఎండకు తాళవని ఏసీ బందుచెయ్యమని,
మనుమలు పుట్టేదాక సాకుతమని
ఎట్ల చెప్పాలె?
ఆమె ఇంట్ల ఉన్నదే ఒక్క ఫ్యాను.

పోయేటప్పుడు తనే సంచి నింపి
మూతి కట్టి ఇచ్చింది,
నూటికి మీద ఇంకో పది, కొసరు.

బస్సుల ఒళ్లె పెట్టుకున్న.
కాయలోపల తొలిచే చప్పుడు
మనిషికి వినపడది. తెలుసు.
మునుగోడు దాటేదాక
సంచికి చెవి ఆనిచ్చే ఉన్న.