ఇంకా దిగని బంతి

కేజీహెచ్ మార్చురీ బయట
నలభైమందిమి.
మోకాళ్ళు అరిగినవాళ్ళు, బీపీ వాళ్ళు,
ఒకడికి ఎడమచెయ్యి పడిపోయింది.
ఆ ఉదయం మాత్రం అందరికీ పదిహేడేళ్ళు.

సూరాడ ఎల్లాజీ పోయాడు.
లివరని రాశాడు డాక్టరు.
అందులో మా వాటా ఎంతో రాయలేదు.
గోలుకో క్వార్టరు చొప్పున
మోసుకెళ్ళి ఇచ్చింది మేమే కదా.

నేను గ్రౌండు మనిషిని.
రైల్వే గ్రౌండులో ముప్పైయొక్క ఏళ్ళు
సున్నంతో గీతలు గీశాను.
ఆ గీత అంచునే బంతిని నడిపించేవాడు,
సున్నం రేగేది కాదు,
బంతి బయటికి పోయేది కాదు.
గ్రౌండు దాటాక మాత్రం
వాణ్ణి ఆపిన గీత ఒక్కటీ లేదు.

పెదజాలారిపేట ఇసకలో నేర్చిన ఆట.
అల వెనక్కి పోయేటప్పుడు
అరికాళ్ళ కింద నేల జారుతుంది చూడండి,
ఆ జారుడు వాడి నడుంలో ఉండేది.
ఎదటి జట్టువాళ్ళు బంతిని వదిలేసి
తమ కాళ్ళకేసి చూసుకునేవారు.

నాకు మూడొందల ఎనభై బాకీ.
డెబ్బైతొమ్మిది నాటి సొమ్ము,
మా చెల్లి పురిటికని దాచింది.
అడిగినప్పుడల్లా భుజమ్మీద చెయ్యేసి
"ఆదివారం రెండు గోల్సు నీ పేరున" అనేవాడు.
కొట్టేవాడు కూడాను.
ఏం చేస్తాం?

ఇక ఆ ఫైనలు.
పెనాల్టీ చుక్క నేనే పెట్టాను,
తెల్లారగట్ల, చేత్తో.
కలకత్తా గోలీ ముందే ఎడమకి ఒరిగిపోయాడు.
కుడి పక్కన
పెళ్ళి ఊరేగింపు పోయేంత ఖాళీ.
ఎల్లాజీ కొట్టాడు.
బారు మీంచి, ప్రహరీ మీంచి,
హార్బరుకి ఇనపరాయి మోసుకుపోతున్న
గూడ్సు పెట్టెలో పడింది బంతి.

మూడో నెల్లో
వాడి గుమ్మంలో కొత్త స్కూటరు.
మేమెవరం అడగలేదు.
అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని.

"బంతి ఓడెక్కి జపాను పోయిందిరా" అని
మాలో మాకో జోకు.
నలభై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నాం,
నవ్వు రాకపోయినా.

పూర్ణామార్కెట్ టైలరు మస్తాను
ఆకుపచ్చ జెర్సీ కుట్టుకొచ్చాడు, వెనక పది.
కొలతలు పాతవే.
లోపల మనిషి సగమే ఉన్నాడు.

జిందాబాద్ మొదలెట్టాం.
అప్పుడొచ్చింది పోలమ్మ,
చేపల బేరం మధ్యలో వదిలేసి,
చేతులకి ఇంకా పొలుసులు.
"ఆపండొరే" అంది.
"మీకు తొంభై నిమిషాలు ఆడినాడు.
మిగతా ఆటంతా నాకాడే ఆడినాడు.
నా పన్ను ఊడిననాడు
సప్పట్లు కొట్నారేటి ఎవులైనా?"

ఎవరి నోటా మాట లేదు.
మస్తాను జేబులో దారపుండ కోసం వెతుక్కున్నాడు,
దాంతో పనేమీ లేకపోయినా.

ఆమె వంగి
వాడి కుడిపాదం చేతిలోకి తీసుకుంది.
చేప ఏనాటిదో చూసినట్టు
అటూ ఇటూ తిప్పి చూసింది.
"దీంతోనే" అంది.
ఏది దీంతోనే?
చెప్పలేదు.
గుడ్డ కప్పేసి పక్కకి జరిగింది.

నాకు ఏడుపొచ్చింది.
ఆమె ఎదట ఏడవడానికి సిగ్గేసింది.
సిగ్గుపడుతూనే ఏడ్చాను.
మూడొందల ఎనభైకి కొంత,
చెల్లికి కొంత,
తక్కినది ఆ టచ్‌లైనుకి.

జ్ఞానాపురం దగ్గర గేటు పడింది.
గూడ్సు.
ఇనపరాయి, ఎర్రధూళి,
పెట్టె వెనక పెట్టె.
పాడె భుజాల మీదే ఉంది.
జెర్సీ మెల్లగా ఎర్రబడుతోంది.

ఎవడూ ఏమీ అనలేదు.
నలభైమందిమీ మునివేళ్ళ మీద లేచి
మెడలు చాచి
ప్రతి పెట్టెలోకీ
తొంగిచూశాం.