మన్సూరా నీళ్లు తాగిన రాత్రి

రెండు నెలల సెలవే కదా అని
మన్సూరాను ఉమ్ముల్ క్వైన్ ఒడ్డున
ఆరు పీపాల మీద ఎత్తి కూచోబెట్టాను.
అడుగు గీకాలి, సొరనూనె పట్టించాలి,
వచ్చాక చూద్దాం అనుకున్నాను.
తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

పదహారు నెలలు ఆ తాళంచెవి
భావనపాడులో నాతోపాటే స్నానం చేసింది.
నడుం మీద దాని మచ్చ,
ఇత్తడి చిలుం రంగులో.

విమానాలు లేవు. ఉన్న రోజున మనవాళ్లకు లేవు.
ఏజెంటు మ్యాపు పరిచి
మెడ వెనక నుంచి చెయ్యి తిప్పి ముక్కు చూపించాడు.
ఖర్చు మాత్రం నేరుగా చెప్పాడు.

తాష్కెంటు.
ఆ దేశానికి సముద్రం లేదు,
పక్క దేశాలకూ లేదట.
నలుగురం కళాసీలం ఒకే గదిలో
పద్నాలుగు రోజులు
కిటికీ కింద పుచ్చకాయల బండిని చూస్తూ.
గనగళ్ల పోలయ్య మంచంకోడుకు దారం కట్టి
వల అల్లేవాడు. ఏ చేపకూ పనికిరాని వల.
"సేతులు మర్సిపోతాయిరా" అనేవాడు.

ముక్కులో పుల్ల పెట్టే పిల్ల వచ్చేది,
మా లోపల ఎంత లోతుందో కొలిచేది.
పదమూడో రోజు ముగ్గురి కాయితాలు తెల్లగా వచ్చాయి.
పోలయ్యది రాలేదు.
తలుపు సందులోంచి చెయ్యి ఊపాడు,
ఆ చేతికి ఇంకా దారం చుట్టే ఉంది.

షార్జాలో దిగి టాక్సీ ఎక్కి
మాస్కు కింద ఉప్పు వాసన కోసం వెతుక్కున్నాను.
మన్సూరా అలాగే ఉంది, మూతి సముద్రం వైపే.
దగ్గరికెళ్తే
పలకకూ పలకకూ మధ్య వెలుగు.
రెండు వేసవులు పీల్చేసిన చెక్క.
ఒక సందులోంచి చూస్తే అవతల షఫీకుల్ లుంగీ,
వాడి చేతిలో నాకోసం ఖుబ్బూసు పొట్లం.

అర్బాబ్ ఒబైద్ దూరంగా కారాపి
అద్దం నాలుగు వేళ్లు దించి
"ఖలాస్?" అన్నాడు.
జుమా ఉస్తాద్ జవాబివ్వలేదు.
మాండ్వీ మనిషి, మాటలు మేకుల్లా దాచుకుంటాడు.
సందులో గోరు దూర్చి చూసి
"దూది ఎంతని కుక్కుతావు, ముందు ములగనీ" అన్నాడు.

ఇంజను విప్పి ఒడ్డున టార్పాలిన్ కింద పడుకోబెట్టాం.
ఆటు చూసి నడుం లోతుకు దించాం,
నాలుగు పక్కలా మోకులు బిగించాం.
ఇక చేసేదేం లేదు.
సముద్రం పెళ్లికొచ్చిన చుట్టంలా
ఏ సందు దొరికితే ఆ సందులోంచి లోపలికొచ్చింది.
నా గిన్నె తేలింది, చాప తేలింది,
ఎప్పటివో రెండు ఉల్లిపాయలు తేలాయి.
చెక్క తాగుతుందట. తాగి ఉబ్బుతుందట.
ఉబ్బి తనంతట తనే మూసుకుంటుందట.
"ఎన్నాళ్లు?" అన్నాను.
"నీకు పద్నాలుగు ఇచ్చారు.
దీనికి మూడివ్వలేవా?"

మొదటి రాత్రి ఎంత తోడినా అంతే.
రెండో రాత్రి షఫీకుల్ పంపు పక్కనే నిద్రపోయాడు.
మూడో రాత్రి
బకెట్టు అడుగున గీరుకున్న చప్పుడు.

పోలయ్యకు ఫోన్ చేశాను.
దగ్గు తగ్గిందట, ఇంకో వారమట,
పుచ్చకాయల బండి రావడం మానేసిందట.
"ఏటి సప్పుడది?" అన్నాడు.
ఏం చెప్పకుండా ఫోను అడుగుపలకల దగ్గర పెట్టాను.
చాలాసేపు ఏమీ అనలేదు,
లైను తెగిందనుకున్నాను.

"ఒరే, ఎడంపక్క, ఇంజను గది కింద
ఇంకో కాడ కారతంది. సూడు."

టార్చి వేసి చూశాను.
కారుతోంది.