ఇంటిపేరు

వాటర్‌బరీలో ఇత్తడి కర్మాగారం పోయింది.
దాని పక్కగోడ మాత్రం మిగిలింది
మూడంతస్తుల ఎత్తున, ఎవరిదీ కాకుండా.

యరిట్సా నిచ్చెన మీద ఉంది.
కింద మడతకుర్చీలో ఆల్డొనా, ఎనభై ఆరేళ్ళు,
ఫ్లాస్కులో కాఫీ, నోటినిండా వంకలు:
"అమ్మ తలగుడ్డ అంత ఆకుపచ్చ కాదు.
సదాపాకు చూశావా ఎప్పుడైనా?
బూడిద పూసుకున్న పచ్చ."
యరిట్సా చూడలేదు.
మర్నాడు కుండీతో సహా తెచ్చిందావిడ.
ఆకు నలిపి, వాసన చూసి,
రంగు మళ్ళీ కలిపారు.

తాత ఇంటిపేరు దగ్గర ఆగారు.
జీతాల పుస్తకంలో గుమాస్తా రాసుకున్నది: వైట్.
మిగతాది పలకడానికి వాడికి తీరిక లేదు.
తాతా అడగలేదు. శుక్రవారం కూలి ముఖ్యం.
ఎంత కడిగినా చేతులకు ఇత్తడి వాసనే,
రై రొట్టె విరిస్తే రొట్టెకీ.

"మొత్తం రాయి" అంది ఆల్డొనా.
వైట్కెవిచుస్.
కొలత తప్పింది. గోడ చాల్లేదు.
పేరు తోక మూల తిరిగి సందులోకి పోయింది,
చెత్తడబ్బాల పైన, ఎండ పడని ఇటుక మీదికి.

చెరిపి చిన్నగా రాస్తానంది యరిట్సా.
ముసలావిడ పలకలేదు. కుర్చీ మడిచి,
సందులోకి నడిచి,
అక్కడ వేసుకుని కూర్చుంది.