విరిగిన వంతెన దాకా

నాలుగింటికి, అలారం కొట్టకముందే లేచి
చీకట్లో మేజోళ్ళ కోసం తడుముతుంటే
ఎనిమిది బుడిపెల నీలం ముక్క
మడమలోకి కస్సున దిగింది.
ఈ ఏడాది పదకొండు వందల కిలోమీటర్లు తొక్కినా
కిక్కురుమనని కాలు
నా ఇంట్లో, నేనే పారేసుకున్న
పిసరంత ప్లాస్టిక్కుకి
అమ్మో అంది.

సెల్వి అక్క వింటే నవ్వదు.
బీసెంట్ నగర్ చర్చి ముందు స్టాప్‌వాచ్‌తో నిలబడి
నా నడకలోనే తుంటి సంగతి పట్టేస్తుంది.
"రాత్రి మళ్ళీ నేలమీద కూర్చున్నావు కదూ?"
మూడు గంటలు బాసింపట్టు వేసుకుని ముక్కలేరినందుకు
మూడు రోజుల సాగదీతలు శిక్ష.
ఆవిడ అరవంలో తిడుతుంది, నేను తెలుగులో మూలుగుతాను,
మధ్యలో అర్థం కానిదేమీ ఉండదు.

ల్యాబులో అమరేశన్ ఇంకో రకం.
పగలంతా మేమిద్దరం ఊళ్ళోవాళ్ళ పళ్ళకు అచ్చులు పోస్తాం,
మధ్యాహ్నం పెరుగన్నం డబ్బాల పక్కన
మరక పడకుండా కామిక్స్ మార్చుకుంటాం.
"ఆదివారం పొద్దున్నే మూర్ మార్కెట్‌లో కట్టలు విప్పుతారు,
నువ్వేమో సముద్రం ఒడ్డున చెమట పారబోస్తుంటావు.
ఇద్దరిలో ఎవరు నీకు?" అని అలుగుతాడు,
ఇద్దరు మొగుళ్ళున్నట్టు.

నలభై నాలుగేళ్ళు నాకు.
బీరువా పై అరలో విప్పని పెట్టెలు ఆరు,
కింది అరలో అరిగిన బూట్లు నాలుగు జతలు.
ఒకటి పారెయ్యమంటే
రెండోదాని వైపు వేలు చూపిస్తాను.

అడయారు సముద్రంలో కలిసేచోట
నడుము కూలిన వంతెన ఒకటుంది.
నా పొడుగు పరుగులన్నీ అక్కడే వెనక్కి తిరుగుతాయి.
ఊరూర్ కుప్పం వలల వాసన దాటి
ఇవతలి కొసన అరచెయ్యి ఆనించి,
అవతలి కొసను ఒకసారి చూసి,
ఊపిరి అందాక వెనక్కి.

మూడు నెలలుగా దాన్నే కడుతున్నాను భోజనాల బల్ల మీద.
ఏ పెట్టెలోనూ దొరకని నమూనా.
బూడిదరంగు ముక్కలు చాలక అమరేశన్ దగ్గర అరువు.
స్తంభాలెన్నో పరుగెడుతూ లెక్కపెడతాను,
ఇల్లు చేరేసరికి అంకె చెమటలో కొట్టుకుపోతుంది.
మళ్ళీ ఆదివారం, మళ్ళీ లెక్క.
"ఒక్క వారం మానలేదే!" అని సెల్వి అక్క మురిసిపోయింది.
అసలు కారణం నేను చెప్పలేదు.

పక్క ఫ్లాటు ఇళంగో మొన్న వచ్చి
బల్ల అంచున గడ్డం ఆనించి చూశాడు.
"ఆంటీ, మధ్యలో కట్టడం మర్చిపోయావ్."
"అది అంతేరా."
కాసేపు ఊరుకుని,
ఎర్ర టోపీ బొమ్మమనిషిని ఇవతల నిలబెట్టాడు.
అదే టోపీతో ఇంకొకణ్ణి అవతల.
"దూకేశాడు" అన్నాడు.

ఎప్పుడు దూకాడని నేను అడగలేదు.
కామిక్స్ చదివినదాన్ని, నాకు తెలియదా,
ఒక గడిలో చెయ్యి ఎత్తినవాడు
పక్క గడిలో కిందపడి ఉంటాడు.
దెబ్బ మాత్రం ఎవరూ గియ్యరు,
ఆ తెల్లటి సందులో మనమే కొడతాం.
ఇరవై ఏడో కిలోమీటరు దగ్గర కూడా అంతే.
ఒక దీపస్తంభం గుర్తుంటుంది, తర్వాత ఇంకో స్తంభం.
నడుమ నన్ను మోసిందెవరో
ఏ ఫోటోలోనూ పడలేదు.

ఇవాళ మడమ కొంచెం కుంటుతోంది.
తిట్లు ఖాయం.
నీలం ముక్కని నిక్కరు జేబులో వేసుకుని
తలుపు తాళం వేశాను.
వంతెనలో నీలం ఎక్కడా లేదు,
కింద ఏటికి పనికొస్తుందేమో.
అడయారు నీలంగా ఉండదని తెలుసు.
రోజూ పక్కనే పరుగెడతాను కదా,
వాసన కూడా తెలుసు.