మంచు దారి కాపరి

హియుమా దీవికీ అవతలి ఒడ్డుకీ నడుమ
సముద్రం గట్టిగా గడ్డకట్టిన ఏడాది
దాని మీద దారి వేస్తాం.
దారి అంటే ఏముంది,
తెల్లటి దాని మీద తెల్లగా గీసిన గీత.
అటూ ఇటూ పాతిన జునిపెర్ కొమ్మలు.
బోర్డు మీద నేను రాసే అంకె.

మందం కొలవడం నా పని.
నీళ్లు ఉబికి బూటు తడిపేదాకా
బర్మా తిప్పుతాను, స్కేలు దింపుతాను.
ఇరవై నాలుగుంటే కార్లు.
తగ్గిందా, గొలుసు అడ్డం.
ఎక్కేవాళ్లకి చెబుతాను, సీటు బెల్టు విప్పెయ్యండి అని.
కొత్తవాళ్లు నవ్వుతారు,
అన్ని దారుల్లో కట్టుకోమనే బెల్టు
ఇక్కడ విప్పడమేంటయ్యా అని.
కింద నీళ్లున్నాయి బాబూ, అంతే.

మా లేలోకి పదకొండు.
ఆకులు రాలే రోజుల్లో ఫోన్ కొనిచ్చాను.
దాని మీద ఎలా నడవాలో చెప్పలేదు.
చెప్పకపోలేదులే,
"జాగ్రత్త" అన్నాను.
ముప్పై ఏళ్లుగా మంచు కొలిచేవాణ్ణి,
ఒట్టి జాగ్రత్త ఎన్ని సెంటీమీటర్లో
నాకు తెలియొద్దూ!

ఫిబ్రవరిలో ఒక శనివారం నాతో వచ్చింది
స్కేలు పట్టుకోడానికి.
మూడో కిలోమీటరు దగ్గర గడ్డ మూలిగింది,
పొడుగ్గా, అడుగున ఎవరో బల్ల ఈడ్చినట్టు.
పిల్ల బెదరలేదు.
"బతికున్న మంచు మాట్లాడుతుంది" అని
నా పాఠం నాకే అప్పజెప్పింది.
కాసేపాగి, చేతి తొడుగు వైపు చూస్తూ
"నాన్నా, ఒకటి చెబితే ఫోన్ లాక్కోవు కదా?"

బర్మా ఆగిపోయింది.

ఆటలో పరిచయమట.
పేరు రాస్మస్ అట. పదమూడేళ్లట.
గుర్రాలంటే ప్రాణమట, అచ్చం మా పిల్లకి లాగే.
అట, అట, అట.
మూడు వారాలు గుర్రాలే.
తర్వాత, మీ కిటికీలోంచి ఏం కనబడుతుంది?
తర్వాత, ఫోటో పంపవా?
తర్వాత, ఇది మనిద్దరి మధ్యే.

"పంపావా?"
"కిటికీది పంపా. నాది పంపలేదు.
రోజూ అడుగుతున్నాడు."

నా నోటిదాకా వచ్చిన మాటలు
అక్కడే గడ్డకట్టుకుపోవడం మంచిదైంది.
మా దగ్గర ఒక రివాజుంది, మా నాన్న నాటిది.
పగులు చూశానని చెప్పొచ్చినవాణ్ణి
నువ్వక్కడికెందుకు పోయావని అడగం.
అడిగామా,
తర్వాతి పగులు సంగతి
ఇక మనుషులు చెప్పరు,
నీళ్లే చెబుతాయి.

"లాక్కోను" అన్నాను.

"అయితే ఇంకోటి" అంది.
"నువ్వూ పెట్టావు కదా నా ఫోటో,
ఈత పోటీ నాటిది,
టోపీ మీద బడి పేరుతో సహా.
నన్నడిగావా?"

అడగలేదు.
నలభై ఇద్దరు మెచ్చుకున్నారు.
వాళ్లలో నేనెరిగినవాళ్లు ఎందరో
ఆ గాలిలో నిలబడి లెక్కపెట్టుకున్నాను.
ఇరవై దగ్గర లెక్క ఆగింది.
ఇరవై మీద నేను కారు ఎక్కనివ్వను.

సాయంత్రం వంటగది బల్ల చుట్టూ
ముగ్గురం కూచున్నాం, ఉర్వె, నేను, అది.
రాస్మస్ రాసినవి ఒక్కటీ చెరపకుండా దాచాం,
సోమవారం పోలీసు ఆవిడకి చూపించడానికి.
ఆ తర్వాత వాడికి తలుపు మూశాం.
ఈత ఫోటో నా వేలితో నేనే తీసేశాను.
మేం ఎక్కడున్నదీ లోకానికి చాటే మీట
ఎలా ఆపాలో లేలో నాకు నేర్పింది,
రెండుసార్లు, విసుక్కుంటూ.

దారే మూసెయ్యొచ్చుగా అంది ఉర్వె, రాత్రి, గుసగుసగా.
మూసెయ్యొచ్చు.
మూసిన ఏడాదే
చీకటిపడ్డాక, కొమ్మలు పాతని చోట
దాటేవాళ్లు ఎక్కువ.

మర్నాడు మళ్లీ వచ్చింది.
ఈసారి బర్మా తను తిప్పింది, స్కేలు నేను పట్టాను.
"ఎంత?"
"ఇరవై ఆరు."
నమ్మలేదు.
మోకాళ్ల మీద వంగి, ముక్కు నీళ్లకి తగిలేంతగా,
తన కళ్లతో చూసుకుని
అప్పుడు రాసింది పుస్తకంలో.