ఇసుక తూకం

ఫోనియో గింజ చూశారా మీరు?
పక్కన పెడితే
ఆవగింజే పెద్దమనిషిలా కనిపిస్తుంది.
తుమ్మితే ఒక ముద్ద ఎగిరిపోతుంది.

మా ఫూటా జాలోన్ కొండల మీద
రాళ్లు తప్ప ఏదీ నిలవదన్న చెలకలో
ఎరువడగదు, ఎవరినీ అడగదు.
వానాకాలం నడిమధ్య
పిల్లలు ఖాళీ కుండల్లోకి తొంగిచూసే నెలలో
అన్నిటికంటే ముందు పండుతుంది.
దాని తప్పొక్కటే:
ఇసుకా అదీ ఒకే ఈడువి, ఒకే రంగువి.
కటిక నేల మీద నూర్చితే
ఏది గింజో ఏది రేణువో
పంటికి తప్ప తెలియదు.

లాబె సంతలో బారీ కొట్టు.
నేను గుమాస్తాని.
బస్తా కాటా ఎక్కుతుంది.
ఆయన వేళ్లు చూపిస్తాడు, నాలుగు.
నేను రాస్తాను: తరుగు, ఇసుక, నాలుగు కిలోలు.
బస్తా విప్పి చూసిందెవరు?
పదకొండేళ్లు రాశాను.
దస్తూరి ముత్యాల్లా ఉంటుందనేవాళ్లు.

దలాండా
ఎర్ర గింజ, నల్ల గింజ, తెల్ల గింజ
మూడు సొరబుర్రల్లో వేరువేరుగా దాచే మనిషి.
అమ్మమ్మ దాచిందట, ఆమెకు ముందు ఇంకెవరో.
ఆ ఏడు మూడు రాత్రులు
వాగులో బుర్ర తిప్పి తిప్పి కడిగింది.
మోచేతుల దాకా చర్మం నాని
ముడతలు పడింది.
కాటా.
నాలుగు వేళ్లు.
నా కలం.

ఆమె అరవలేదు.
తలగుడ్డ బిగించి
ఖాళీ సంచి ఒకటి నోరు తెరిచి పట్టుకుని నిలబడింది.
"ఏమిటమ్మా?"
"నా ఇసుక.
పదకొండేళ్లు, ఏటా ఆరు బస్తాలు, బస్తాకు నాలుగు.
మా గోడ కూలింది, మెత్తుకోవాలి.
నా ఇసుక నాకు పొయ్యి."

ఉల్లిపాయలమ్మే ఆవిడ ముందు నవ్వింది.
వెనక వరసలో ఎవరో "నాదీ" అన్నారు.
ఇంకెవరో "మా అమ్మదీ, పోయింది గానీ."
బారీ నా వైపు చూశాడు.
రెండువందల అరవైనాలుగు, అన్నాను,
సంతంతా వినేలా.
ఆ కొట్లో అదే నా చివరి లెక్క.

తర్వాత పట్నం నుంచి కొందరు వచ్చారు.
బ్యానరు కట్టి, చల్లని నీళ్ల సీసాలు పంచి
మీకెలాంటి ఆసరా కావాలని అడిగారు.
"టార్పాలిన్," అంది దలాండా.
"నూర్చేటప్పుడు కింద పరుచుకోడానికి.
కొనేవాళ్లు కోతల నెలలోనే రావాలి,
అప్పులవాడు రాకముందు.
డబ్బు అదే రోజు.
మూడు రంగులూ కొనాలి,
తెల్లదొక్కటే కొంటే మిగతా రెండూ
నాతో పాటు చచ్చిపోతాయి."
వాళ్లింకా రాసుకుంటూనే ఉన్నారు.
ఆమె లేచి మేకల్ని తోలుకెళ్లింది.

టార్పాలిన్ వచ్చింది. నీలం రంగుది, ఒక్కటే.
పద్నాలుగు ఇళ్లు, వంతులు, తగాదాలు,
ఒక మూల ఎవరిదో మేక కొరికేసింది.
ఇప్పుడు కాటా ఆమె వాకిట్లో ఉంది.
పుస్తకం నా దగ్గరే.
తరుగు గడి కొట్టెయ్యలేదు నేను,
ప్రతి పేరు పక్కనా ఖాళీగా వదిలేస్తాను.
చూసుకోవాలి నేను, రోజూ.

నిన్న మొదటి తూకం అయ్యాక
గిన్నెలో వేడి ఫోనియో, పైన వేరుశెనగ పులుసు పెట్టింది.
రెండో ముద్దలో
పంటి కింద కరుక్కుమంది.
నేను నమలడం ఆపాను.
దలాండా చూసింది.
"అదొక్కటి ఊరికే," అంది,
"రాయకు."